పద్యం లేని మాక్బెత్: కురసావా ‘సాలెగూటి కోట’లో పాత్రను, వాతావరణాన్ని కెమెరా ఎలా పట్టుకుంది?

సింధుజ:

సభ్యులందరికీ నమస్కారం. షేక్స్పియర్ నాటకాల తెర రూపాల గురించి ఇక్కడ ఇదివరకు జరిగిన చర్చలు ఎక్కువగా సంభాషణల చుట్టూ, నటన చుట్టూ తిరిగాయి. దర్శకుడు కెమెరాను ఎక్కడ నిలబెట్టాడు, పాత్రను ఎంత దూరం నుంచి చూపించాడు, ఎక్కడ మాటను పూర్తిగా ఆపేశాడు అన్న విషయాల మీద కూడా ఒక చర్చ జరగాలని దీన్ని మొదలుపెడుతున్నాను. నేను ఎంచుకున్నది అకిరా కురసావా 1957లో తీసిన ‘కుమోనోసు జో’. సాలెగూటి కోట అని దాని అర్థం. ఇంగ్లీషు దేశాల్లో ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’ పేరుతో ప్రసిద్ధమైంది. మంత్రగత్తెల జోస్యం విని, భార్య ప్రోద్బలంతో రాజును చంపి గద్దెనెక్కే సేనాని ‘మాక్బెత్’ కథను స్కాట్లాండు నుంచి జపాను అంతర్యుద్ధాల కాలానికి తెచ్చిన చిత్రమిది. మాక్బెత్ ఇందులో వాషిజు (తొషిరో మిఫునే), అతని భార్య అసాజీ (ఇసుజు యామదా), మిత్రుడు బాంక్వో ఇక్కడ మికి (మినోరు చియాకి), హత్యకు గురయ్యే డంకన్ రాజు ఇక్కడ త్సుజుకి అనే ప్రభువు.

షేక్స్పియర్ రాసిన పంక్తి ఒక్కటి కూడా ఈ చిత్రంలో లేదు. గాలిలో కత్తి కనిపించే స్వగతం లేదు, భార్య మరణవార్త విన్నాక జీవితం గురించి పలికే ప్రసిద్ధమైన మాటలూ లేవు. నాటకంలో మాక్బెత్ మనకు తెలిసేది ప్రధానంగా అతని మాటల ద్వారానే. ఆ మాటలన్నీ తీసేశాక వాషిజు మనసు మనకు ఎలా తెలుస్తోంది?

నా దృష్టిలో జవాబంతా ప్రభువును చంపే రాత్రిలో ఉంది. అతిథిగా వచ్చిన ప్రభువుకు తమ గది ఇచ్చి, వాషిజు దంపతులు మరో గదిలోకి మారతారు. ఫుజిమకి అనే రాజద్రోహి ప్రాణం తీసుకున్న గది అది. గోడ మీద, నేల మీద అతని నెత్తుటి మరక ఎంత కడిగినా పోలేదు. హత్య జరిగేటప్పుడు కెమెరా వాషిజు వెంట ప్రభువు పడకగదిలోకి వెళ్లదు, అసాజీ దగ్గరే ఉండిపోతుంది. ఆమె ఒంటరిగా కూర్చుని ఉంటుంది. తర్వాత ఆ మరక వైపు తిరుగుతుంది, ఉన్నట్టుండి లేచి దాదాపు నృత్యంలా కదులుతుంది. ముఖోటాలు (మాస్కులు) ధరించి ఆడే జపాను సంప్రదాయ నాటకం నోహ్‌లో వాడే వేణువు, చేతి మృదంగం మాత్రమే వినిపిస్తాయి. కొంతసేపటికి వాషిజు నెత్తురోడుతున్న బల్లెంతో తిరిగి వచ్చి, మాట లేకుండా కూలబడతాడు. బల్లెం పట్టుకున్న చేతులు బిగుసుకుపోయి ఉంటాయి. అసాజీ వచ్చి ఆ వేళ్ల నుంచి బల్లేన్ని బలవంతంగా విడిపించి తీసుకోవలసి వస్తుంది.

ఈ ఘట్టమంతా దాదాపు మాటలు లేకుండానే నడుస్తుంది. అయినా ఆ భార్యాభర్తల్లో ఎవరు ఎలాంటివారో నాకు పూర్తిగా అర్థమైంది. అది ఎలా సాధ్యమైందో మీరందరూ మీ మీ అనుభవం నుంచి చెప్పాలని కోరుతున్నాను.

వెలుగునీడ:

సింధుజ గారూ, మంచి చర్చ ఎత్తుకున్నారు. నేను ఛాయాగ్రహణ విభాగంలో పనిచేసేవాడిని కనుక దూరం గురించి చెబుతాను.

మన దగ్గరైనా మరెక్కడైనా సెట్టు మీద అందరికీ అలవాటైన పద్ధతి ఒకటుంది. పాత్ర భావోద్వేగం పెరుగుతున్నకొద్దీ కెమెరా దగ్గరికి జరుగుతుంది, కన్నీళ్ల దగ్గర క్లోజప్ పడుతుంది. ఈ చిత్రంలో కురసావా దాన్ని తలకిందులు చేశారు. క్లోజప్పులు అతి తక్కువగా వాడి, వీలైనంతవరకు మనిషి నిలువునా కనిపించే షాట్లలోనే నడిపించానని ఆయనే చెప్పారు. ఉద్వేగభరితమైన చోట ముందుకు జరగడానికి అలవాటుపడిన సాంకేతిక నిపుణులు, ఆయన ఇంకా వెనక్కి వెళ్లమంటుంటే అయోమయంలో పడ్డారట. ఛాయాగ్రాహకుడు అసకాజు నకాయి అంతకుముందే కురసావాతో అనేక చిత్రాలకు పనిచేసినవారు. అలాంటివారు ఉన్న బృందానికే అది కొత్తగా అనిపించిందంటే ఆ నిర్ణయం ఎంత తెగువతో కూడినదో ఊహించుకోవచ్చు.

దూరం వల్ల కలిగే ఫలితం ఏమిటో ఆ నెత్తుటి మరక గదిలోనే చూడండి. క్లోజప్పులో మిఫునే ముఖం మాత్రమే ఉంటే, వాషిజు తనలో తాను మథనపడుతున్నాడని మనం అనుకునేవాళ్లం. దూరం నుంచి చూసినప్పుడు అదే ఫ్రేములో మరక ఉన్న గోడ ఉంటుంది, కదలకుండా కూర్చున్న భార్య ఉంటుంది, ఖాళీ నేల ఉంటుంది, వీటి మధ్య అటూ ఇటూ తిరుగుతున్న అతను ఉంటాడు. అంత బలిష్ఠుడైన యోధుడు ఆ గదిలో ఎటు నడిచినా గోడ దగ్గరో ఆమె దగ్గరో ఆగవలసిందే. ఆమె మాత్రం తన చోటు నుంచి కదలదు, తల కూడా తిప్పదు. ఆ గదిలో పైచేయి ఎవరిదో చెప్పడానికి సంభాషణ అవసరమే రాలేదు.

ఇంకో సంగతి. ఆమెను చాలాచోట్ల ఎదురుగా కాకుండా పక్క నుంచే చూపిస్తారు. మాట్లాడేటప్పుడు కూడా భర్త ముఖంలోకి చూడదు, తన ముందున్న ఖాళీలోకి చూస్తూ మాట్లాడుతుంది. కళ్లు కలపకుండా అంత నిబ్బరంగా హత్య గురించి మాట్లాడగలిగే మనిషిని చూసినప్పుడు మనకు కలిగే భయం, ఆమె కోపంగా అరిచినా కలగదు.

సాహితి:

నేను ఇంగ్లీషు సాహిత్యం బోధిస్తాను. ‘మాక్బెత్’ పాఠం చెబుతున్న ప్రతిసారీ ఈ చిత్రం ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది. చిత్రం గొప్పదే, సందేహం లేదు. కానీ పాత్రచిత్రణ విషయంలో పై ఇద్దరితో నేను ఏకీభవించలేకపోతున్నాను.

నాటకంలో మాక్బెత్ హత్యకు ముందే దాని అర్థమేమిటో పూర్తిగా తెలుసుకున్న మనిషి. డంకన్ తనకు బంధువు, ప్రభువు, ఆపైన అతిథి. అతన్ని కాపాడవలసిన తానే కత్తి పట్టడం ఎంత ఘోరమో తనకు తాను ఒక్కొక్కటిగా చెప్పుకుంటాడు. తనను ముందుకు తోస్తున్నది పేరాశ తప్ప మరేమీ కాదని కూడా ఒప్పుకుంటాడు. ఇంత తెలిసీ చంపుతాడు కాబట్టే అది విషాదం. ఆ మనస్సాక్షి గొంతు స్వగతాల్లోనే ఉంది.

చిత్రంలో ఆ గొంతు లేదు. పైగా, ఇప్పటి ప్రభువు కూడా తన పూర్వపు ప్రభువును చంపే ఆ స్థానానికి వచ్చాడు కదా అని అసాజీ గుర్తుచేస్తుంది. ఈ ఒక్క మార్పుతో డంకన్ సౌజన్యం పోయింది, హత్యలోని పాపం బరువు తగ్గింది, లోకమంతా ఇంతే అన్న భావన మిగిలింది. వాషిజు తటపటాయిస్తాడు, నిజమే. కానీ ఆ తటపటాయింపులో భయం, విధేయత కనిపించినంతగా వివేచన కనిపించదు. కెమెరా దూరంగా ఉండటం వల్ల మనం అతన్ని పరిశీలిస్తాం తప్ప అతని లోపలికి వెళ్లం. దూరం అసాజీకి బలమైతే, వాషిజుకు నష్టమైందని నా అభిప్రాయం.

రంగపీఠం:

సాహితి గారి అభ్యంతరం ఆలోచించదగినది. దానికి జవాబు చెప్పాలంటే ముందు నోహ్ రంగస్థలం గురించి కొంత చెప్పుకోవాలి. కురసావాకు నోహ్ మీద గాఢమైన అభిమానం ఉండేది. ఈ చిత్రంలో నోహ్‌ను అలంకారంగా తెచ్చి అతికించలేదు, పాత్రను ఊహించే పద్ధతినే అక్కడి నుంచి తీసుకున్నారు.

చిత్రీకరణకు ముందు ఆయన ఒక్కొక్క నటుడికి ఆ పాత్రకు దగ్గరగా ఉండే నోహ్ ముఖోటా ఛాయాచిత్రాన్ని చూపించి, ఇదే నీ పాత్ర అని చెప్పారు. మిఫునేకు చూపించినది ‘హెయిదా’ అనే యోధుడి ముఖోటా. యామదాకు చూపించినది ‘షకుమి’. అది యవ్వనం దాటిన ఒక అందగత్తె ముఖం, మతిభ్రమించబోయే స్థితికి దగ్గరగా ఉన్న ముఖం. హత్యకు గురై దెయ్యమై తిరిగివచ్చే మికి పాత్రకు ‘చూజో’ అనే కులీనుడి ముఖోటాను, అడవిలోని మంత్రగత్తెకు ‘యమన్బా’ను ఆధారంగా తీసుకున్నారు. ప్రభువును చంపమని భార్య ప్రేరేపించే ఘట్టంలో మిఫునే సరిగ్గా ఆ ముఖోటా హావభావాన్నే సజీవంగా తెచ్చాడని కురసావా తర్వాత మెచ్చుకున్నారు.

ఇక యామదా ముఖం చూడండి. తెల్లగా, నునుపుగా, ముడత పడకుండా ఉంటుంది. నోహ్ నటుల మాదిరిగా పాదం నేల మీంచి లేపకుండా జార్చుకుంటూ నడుస్తుంది. ఆ నిశ్చలత్వాన్ని అంతసేపు అలవాటు చేశారు కాబట్టే, హత్య సమయంలో ఆమె ఒక్కసారి చటుక్కున లేవగానే మనం ఉలిక్కిపడతాం.

పద్యనాటకాలు ఆడినవాడిగా నాకు తట్టిన తేడా ఒకటి చెబుతాను. మన పద్యనాటకంలో భావం పతాకస్థాయికి చేరినప్పుడు నటుడు విస్తరిస్తాడు. పద్యం ఎత్తుకుంటాడు, రాగం సాగదీస్తాడు, ప్రేక్షకులు మళ్లీ పాడమంటే మళ్లీ పాడతాడు. నోహ్‌లో భావం పెరిగినకొద్దీ నటుడు కుదించుకుంటాడు. షేక్స్పియర్ రంగస్థలం ఈ విషయంలో మన నాటకానికే దగ్గర అనిపిస్తుంది, అతని కథానాయకులు కష్టం వచ్చినప్పుడే అందంగా మాట్లాడతారు. కురసావా ఆ విస్తరించే నాటకాన్ని తీసుకొచ్చి కుదించుకునే రంగస్థలం మీద పెట్టారు. అందువల్ల సాహితి గారు కోరుతున్న వివేచన వాషిజు నోటి నుంచి రాదు. దాన్ని అతని శరీరంలో వెతకాలి. తిరిగి వచ్చాక విడవని ఆ వేళ్లలో వెతకాలి. చేసిన పని ఏమిటో తెలియని మనిషి చేతులు అలా బిగుసుకుపోవు.

నిశ్శబ్దం:

ఇంతవరకు చూపు గురించే మాట్లాడుకున్నాం. ఈ చిత్రంలో మానసిక వాతావరణాన్ని మోసేది సగానికి పైగా శబ్దమే అని నా నమ్మకం, శబ్దగ్రహణం నా వృత్తి కాబట్టి పక్షపాతం కొంత ఉండవచ్చు.

కాపలాదారులకు మత్తు కలిపిన సాకే (బియ్యపు సారాయి) తీసుకురావడానికి అసాజీ వెళ్లే షాట్‌ను శ్రద్ధగా వినండి. ఆమె లేచి పక్కనున్న చీకటి గది గుమ్మంలోకి నడుస్తుంది. కొద్ది క్షణాల్లో ఆ నల్లటి చీకటి ఆమెను పూర్తిగా మింగేస్తుంది. ఫ్రేములో ఖాళీ గుమ్మం తప్ప ఏమీ ఉండదు, కెమెరా కదలదు. అంతవరకు వినిపించిన పట్టుబట్టల రాపిడి శబ్దం దూరమవుతుంది. మళ్లీ అదే శబ్దం దగ్గరవుతుంది, ఆమె పెద్ద కూజా పట్టుకుని చీకట్లోంచి బయటికి వస్తుంది. వెళ్లినప్పుడూ వచ్చినప్పుడూ ముఖంలో మార్పు లేదు, నడక వేగంలో మార్పు లేదు. ఒక మనిషి చీకట్లోకి వెళ్లి చీకటిని తనతో వెంటబెట్టుకుని వచ్చినంత పని జరుగుతుంది. సంగీతం కూడా లేదు, పట్టు రాపిడి ఒక్కటే. మామూలు చిత్రాల్లో బట్టల రాపిడిని అనవసర శబ్దంగా భావించి తీసేస్తాం. ఇక్కడ ఆ శబ్దమే ఆమె ఉనికి. ఆ తర్వాతి దృశ్యాల్లో ఆ సరసర వినిపిస్తే చాలు, ఆమె కనిపించకముందే మన వెన్ను నిటారవుతుంది.

మసారు సాతో సంగీతంలో వాయిద్యాలు తక్కువ. వేణువు కూత, మృదంగం దెబ్బ, రెంటికీ మధ్య చాలా ఖాళీ. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియని ఆ ఖాళీలోనే ఉత్కంఠ పుడుతుంది.

మికి హత్యను కూడా గమనించండి. మనకు ఆ హత్యను చూపించరు. బయలుదేరే ముందు అతని గుర్రం జీను వేయించుకోకుండా ప్రాంగణమంతా పరుగులు తీస్తుంది. రాత్రి, మికి మనుషులు కూర్చుని ఉండగా గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది, ఆ గుర్రం రౌతు లేకుండా తిరిగి వస్తుంది. ఒక మరణవార్తను ఇంతకన్నా క్లుప్తంగా, ఇంతకన్నా బాధగా చెప్పిన దృశ్యం నేను చూడలేదు.

కొత్తగొంతు:

పెద్దలకు నమస్కారం. సినిమా దర్శకత్వం చదువుకుంటున్నాను. చిన్న సందేహం. ఈ చిత్రంలో అంతటా పొగమంచు కనిపిస్తుంది. అది నిజమైన మంచేనా, సెట్టులో సృష్టించినదా? అంత మంచును కేవలం అందం కోసం వాడారా, లేక పాత్రలతో దానికి సంబంధం ఉందా?

వెలుగునీడ:

కొత్తగొంతు గారూ, కోట బయటి భాగాన్ని ఫూజీ పర్వతం వాలు మీద కట్టారు. అక్కడ మంచు సహజంగానే ఎక్కువ, నేల అగ్నిపర్వతపు నల్లమట్టి. ఆ నలుపు, ఆ మంచు కావాలనే ఆ చోటును ఎంచుకున్నారు. దగ్గర్లో ఉన్న అమెరికన్ మెరైన్ దళం వారు కూడా కోట నిర్మాణంలో సాయం చేశారు. ప్రాంగణాన్ని తోహో సంస్థకు చెందిన స్టూడియోలో కట్టినప్పుడు, నేల తేడా తెలియకుండా ఫూజీ నుంచి ఆ నల్లమట్టినే తెప్పించి పరిచారు. నలుపు తెలుపు చిత్రంలో నేల రంగు తేడాను ప్రేక్షకుడు గుర్తించకపోవచ్చు, కానీ ఆ బృందం అంత పట్టింపుతో పనిచేసింది.

కళాదర్శకుడు యోషిరో మురకి, ఇప్పటికీ నిలిచి ఉన్న తెల్లటి కోటలను కాకుండా, అంతకన్నా పాతకాలపు కోటల నమూనాలను పరిశీలించారు. సిరా చిత్రకళలో కనిపించే నలుపు తెలుపుల పొందిక రావాలని గోడలను నల్లగా ఉంచారు. ఆ చిత్రకళలో గీసిన గీత ఎంత ముఖ్యమో, గీయకుండా వదిలిన తెలుపు అంతే ముఖ్యం. చిత్రంలో మంచు ఆ వదిలిన తెలుపు చేసే పనే చేస్తుంది. ఫ్రేములో అక్కరలేనిదంతా తుడిచిపెట్టి మనిషిని ఒంటరిని చేస్తుంది.

పాత్రలతో సంబంధం ఏమిటని అడిగారు. జోస్యం విన్న తర్వాత వాషిజు, మికి ఇద్దరూ మంచులో దారి తప్పే దృశ్యం చూడండి. గుర్రాల మీద కెమెరా వైపు దూసుకొస్తారు, ఆగుతారు, వెనుదిరిగి మంచులో కలిసిపోతారు, మళ్లీ వస్తారు. పది పన్నెండుసార్లు ఇదే. ఏ దర్శకుడైనా రెండుసార్లకు కట్ చేస్తాడు, దారి తప్పారన్న సంగతి అప్పటికే తెలిసిపోయింది కాబట్టి. కురసావా ఆపరు. నాలుగోసారికి మనకు విసుగు వస్తుంది, ఏడోసారికి ఆ విసుగు భయంగా మారుతుంది. ఎంత వేగంగా పరుగెత్తినా అదే చోటికి చేరే మనుషులు వీళ్లు అని అప్పటికి మన ఒంటికి తెలుస్తుంది. వాషిజు జీవితం మొత్తం ఆ దృశ్యంలోనే ఉంది. అతను ఒక్కొక్క హత్య చేసి ముందుకు వెళ్లాననుకుంటాడు, ప్రతిసారీ మళ్లీ ఆ అడవి దగ్గరికే వచ్చి నిలబడతాడు.

అంతకుముందు అడవిలో వర్షంలో గుర్రాలు పరుగెత్తే షాట్లలో కెమెరాకూ గుర్రాలకూ మధ్య కొమ్మలు అడ్డుగా ఉంటాయి. కెమెరా పక్కగా సాగుతుంటే ఆ కొమ్మలు సాలెపోగుల్లా వాళ్ల మీదుగా జారిపోతుంటాయి. జోస్యం చెప్పే ముసలిది రాట్నం తిప్పుతూ కూర్చుని ఉండటం కూడా ఆ గూటిలో భాగమే.

సాహితి:

రంగపీఠం గారు శరీరంలో వెతకమన్నారు. ఆ దృష్టితో ఆలోచించినా వాషిజు విషయంలో నా అభిప్రాయం నిలిచే ఉంది. బిగుసుకుపోయిన వేళ్లు హత్య తర్వాతివి. నేను అడుగుతున్నది హత్యకు ముందు నిలబడి, తెలిసి, ఎంచుకునే మనిషి గురించి. ఆ మనిషిని కెమెరా ఎంత నైపుణ్యంతో చుట్టుముట్టినా మాట లేకుండా సృష్టించలేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అసాజీ సంగతి వేరు. షేక్స్పియర్ లేడీ మాక్బెత్ చివరి అంకాలకు వచ్చేసరికి తెర మరుగైపోతుంది, నిద్రలో నడిచే దృశ్యం తప్ప ఆమె పతనానికి మెట్లు కనిపించవు. కురసావా ఆ లోటును ఒక మార్పుతో పూరించారు. వారసుడు లేడు కాబట్టి మికి కొడుకునే వారసుడిగా ప్రకటించాలని వాషిజు నిశ్చయించుకున్నప్పుడు, తాను గర్భవతినని అసాజీ చెబుతుంది. మికి హత్యకు అదే కారణమవుతుంది. తర్వాత బిడ్డ చనిపోయి పుడుతుంది. ఎవరి కోసం ఆ హత్య జరిగిందో ఆ బిడ్డే లేకుండా పోయాక ఆమెకు మతి చలించడం చాలా సహజంగా అనిపిస్తుంది.

చేతులు కడుక్కునే దృశ్యంలో దర్శకత్వం గురించి ఒక మాట. వాషిజు లోపలికి వచ్చేసరికి ఆమె కనిపించదు. ఆరవేసినట్టు పరిచిన నిలువెత్తు వస్త్రమే కనిపిస్తుంది. దాన్ని పక్కకు తొలగిస్తే దాని వెనుక పళ్లెం ముందు కూర్చుని, లేని నెత్తురును ఆపకుండా కడుక్కుంటూ ఉంటుంది. చిత్రమంతా చలనం లేకుండా ఉన్న ముఖం అప్పుడు మొదటిసారి నలుగుతుంది. రంగపీఠం గారు చెప్పిన ముఖోటా అక్కడ పగిలింది. ఆ పగులు చూపించడానికి అంతసేపు దాన్ని చెక్కుచెదరకుండా కాపాడారని ఒప్పుకోక తప్పదు.

రంగపీఠం:

ఆ విందు దృశ్యం కూడా కలుపుకోవాలి సాహితి గారూ. మికి రాని ఖాళీ ఆసనం ముందు ఒక ముసలి కళాకారుడు పాత ద్రోహి కథ ఒకటి పాడుతూ ఆడుతుంటే వాషిజు తట్టుకోలేక ఆపేయిస్తాడు. తర్వాత ఆ ఖాళీలో మికి పాలిపోయిన ముఖంతో కదలకుండా కూర్చుని కనిపిస్తాడు. వాషిజు లేచి, కత్తి దూసి, ఉట్టి గాలిని నరుకుతాడు. కదలని దెయ్యం, కదలని భార్య, వరుసగా బాసింపట్టు వేసుకుని కదలకుండా కూర్చున్న సామంతులు. ఆ మొత్తం సభలో ప్రాణంతో కదులుతున్నవాడు అతనొక్కడే. నేరం ఒప్పుకోవడానికి అతనికి స్వగతం ఇవ్వలేదు కానీ, అందరి ఎదుటా అతని ఒళ్లే సాక్ష్యం చెబుతుంది.

తొలిఆట:

ఆలస్యంగా చేరుతున్నాను. ఇదే దర్శకుడు షేక్స్పియర్ మరో నాటకం ‘లియర్ రాజు’ కథను 1985లో ‘రన్’గా తీసినప్పుడు వాతావరణం కోసం వాడిన సాధనాలు వేరు. అక్కడ మంచు స్థానంలో రంగు వచ్చింది. ముగ్గురు కొడుకుల సేనలకు పసుపు, ఎరుపు, నీలం కేటాయించారు. కోట తగలబడే యుద్ధంలో అరుపులు, ఆయుధాల చప్పుళ్లు తీసేసి తోరు తకెమిత్సు సంగీతం ఒక్కటే ఉంచారు. ఒక తుపాకీ గుండు మోతతో శబ్దం మళ్లీ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పైన నిశ్శబ్దం గారు చెప్పిన నియమమే ఇది, ఇంకా పెద్ద స్థాయిలో.

తెలుగులో లియర్ కథ ఛాయలు కె. వి. రెడ్డి 1949లో తీసిన ‘గుణసుందరి కథ’లో ఉన్నాయి. ముగ్గురు కూతుళ్లను తండ్రి పరీక్షించే ఘట్టం వరకు తీసుకుని, తర్వాత దాన్ని పూర్తిగా మన జానపద కథగా, దేవుడు కరుణించే కథగా మలిచారు. కురసావా నోహ్‌ను ఆశ్రయించినట్టే వారు మన జానపద సంప్రదాయాన్ని ఆశ్రయించారు. దాని మీద వేరే చర్చ పెడితే తప్పకుండా పాల్గొంటాను.

కొత్తగొంతు:

చివర్లో బాణాల దృశ్యం గురించి ఎవరూ ప్రస్తావించలేదు. అవి నిజం బాణాలేనని విన్నాను.

వెలుగునీడ:

నిజమే. అనుభవజ్ఞులైన విలుకాండ్రు మిఫునే చుట్టూ ఉన్న చెక్క గోడలోకి నిజమైన బాణాలు వేశారు. ఒంటికి తగిలే బాణాలకు వేరే ఏర్పాట్లు ఉన్నాయి. కానీ ఆ ముఖంలో కనిపించే భయంలో నటన కానిది కూడా ఉంది. తాను ఏ వైపు కదలబోతున్నాడో విలుకాండ్రకు తెలిసేలా చేతులు ఊపేవాడని చెబుతారు. తెర మీద మాత్రం ఆ చేతులు బాణాలను తోసివేయడానికి వెర్రిగా ఆడుతున్నట్టు కనిపిస్తాయి.

దర్శకత్వపరంగా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. చిత్రమంతా విశాలమైన ఖాళీలో కనిపించిన మనిషి, చివరికి వచ్చేసరికి కదలడానికి చోటు లేకుండా బాణాల కంచెలో ఇరుక్కుపోతాడు. దూరపు లెన్సుల వల్ల లోతు తగ్గి, బాణాలన్నీ అతని ఒంటికి ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తాయి. మెడలోకి ఆఖరి బాణం దిగేవరకు అతను ఆ చెక్క నడవలోనే అటూ ఇటూ పరుగెడుతుంటాడు. నెత్తుటి మరక గదిలో నడిచిన నడకే అది, ఇప్పుడు తప్పించుకునే దారి మాత్రం లేదు.

సింధుజ:

అందరికీ కృతజ్ఞతలు. సాహితి గారి ప్రశ్నకు సూటిగా ఒక సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

నాటకంలో మాక్బెత్‌ను చంపేది అతని శత్రుపక్షంలో చేరిన మాక్డఫ్ అనే ప్రభువు. చిత్రంలో శత్రువు కోట చేరకముందే వాషిజును అతని సొంత సైనికులే చంపుతారు. దానికి కారణం అతని మాటే. అడవి కదిలి కోట మీదికి వస్తే తప్ప నాకు ఓటమి లేదన్న జోస్యాన్ని అతను కోట పైన నిలబడి, కింద ఉన్న సైన్యమంతటికీ వినిపించేలా, నవ్వుతూ ప్రకటిస్తాడు. నాటకంలోనూ మాక్బెత్ ఆ ధీమాను పరిచారకుల ముందు వ్యక్తం చేస్తాడు కానీ, అక్కడ అది అతని గర్వానికి గుర్తుగానే మిగిలిపోతుంది. ఇక్కడ అది కథను నడిపిస్తుంది. మంచులోంచి చెట్లు కదిలి వస్తుంటే సైనికులకు ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు, ప్రభువు స్వయంగా చెప్పిన గుర్తు వాళ్ల కళ్ల ముందే ఉంది.

ఈ రెండు దృశ్యాల్లోనూ కెమెరా స్థానాలు చూడండి. జోస్యం ప్రకటించేటప్పుడు వాషిజు పైన, సైనికులు కింద. చెట్లు కదిలిన తర్వాత కూడా అతను పైనే ఉంటాడు, వాళ్లు కిందే ఉంటారు. అతను యుద్ధానికి సిద్ధం కమ్మని అరుస్తాడు, కిందివాళ్లు ఒక్క మాట మాట్లాడరు, ఒక్కరూ కదలరు. ఆ మౌనంలోంచి మొదటి బాణం వస్తుంది. చిత్రమంతా స్వగతం దక్కని మనిషి బహిరంగంగా, సంతోషంగా, తన ఇష్టప్రకారం పలికిన మాట అదొక్కటే. సాహితి గారు అడిగిన ఎంపిక అక్కడ ఉందని నా వాదన. హత్యకు ముందు అతను తనతో తాను మాట్లాడుకోలేదు, నిజమే. కానీ ఏ మాట నమ్మాలో, దాన్ని ఎవరి ముందు పెట్టాలో ఎంచుకున్నది అతనే. అసాజీ ఆ సమయంలో అతని పక్కన లేదు.